తలుపు పక్క బల్ల

ఆల్డర్ బెండ్ లైబ్రరీలో చలికాలం కూర్చోవడానికి మంచి చోట్లు మూడున్నాయి. హీటరు పక్కన ఒకటి, పిల్లల పుస్తకాల మూల ఒకటి, ఎండ పడే కిటికీ దగ్గర ఒకటి. వెర్నా కోస్కి ఈ మూడింటినీ కాదని, ఎనిమిదేళ్ళుగా ప్రతి మంగళవారం పదింటికి వచ్చి నాలుగో చోట కూర్చుంటుంది. అది వీధి తలుపుకు రెండడుగుల దూరం. ఎవరు లోపలికొచ్చినా, ఎవరు బయటికెళ్ళినా చలిగాలి నేరుగా ఆమె మోకాళ్ళ మీదికే వస్తుంది. బల్ల మీద పసుపు కాగితాల పుస్తకం, పొట్టి పెన్సిలు, ఒక అట్టముక్క ఉంటాయి. అట్ట మీద "మెడికేర్ సలహాలు, ఉచితం" అని రాసి ఉంటుంది. మెడికేరంటే అమెరికాలో అరవై అయిదు నిండినవాళ్ళకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా.

"ఏం మనిషివే నువ్వు. హీటరు దగ్గర బల్ల ఖాళీగా ఏడుస్తోంది, జరగమంటే జరగవు" అంటుంది లైబ్రేరియన్ లోయిస్. వారానికోసారైనా అంటుంది. "న్యుమోనియా వస్తే ఆ మెడికేరేదో నువ్వే వాడుకోవాలి."

"వాడుకుంటా. ముప్ఫై నాలుగేళ్ళు జీతంలోంచి కోసుకున్నారు, ఊరికే పోనిస్తానా" అని వెర్నా దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంటుంది. బల్ల మాత్రం జరగదు.

బల్ల అక్కడే ఎందుకుండాలో తెలియాలంటే మా ఊరి మనుషుల సంగతి తెలియాలి. నోట్లో నువ్వుగింజ నానని మనుషులు వేరే ఊళ్ళలో ఉంటారేమో. మా వాళ్ళ నోట్లో అది నాని, మొలకెత్తి, నాలుగాకులేసినా బయటికి రాదు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటారు. కాలు విరిగి కట్టుతో కూర్చున్నవాణ్ణి అడిగినా అదే మాట. గంటసేపు ఎదురుగా కూర్చుని వాతావరణం గురించి, రోడ్ల మీద ఉప్పు చల్లని మున్సిపాలిటీ గురించి మాట్లాడతారు. తర్వాత లేచి, కోటు తొడుక్కుని, టోపీ చెవుల మీదికి లాక్కుని తలుపు పిడి మీద చెయ్యి వేస్తారు. అసలు మాట అప్పుడొస్తుంది. వీపు మన వైపు, మొహం వీధి వైపు పెట్టి చెబుతారు.

ఈ గుట్టు వెర్నా స్కూలు వంటగదిలో పట్టుకుంది. ఇరవై ఎనిమిదో ఏట ఆ వంటగదిలో చేరి అరవై రెండో ఏట బయటికొచ్చింది. పిల్లలు ట్రే పుచ్చుకునేటప్పుడు ఏమీ చెప్పరు. ట్రేతో అటు తిరిగాక, "మా ఇంట్లో నిన్న రాత్రి వంట కాలేదు" అంటారు. ఆమె గరిటె ఎప్పుడూ ఆ మాట కోసం ఒక క్షణం ఆగి ఉండేది. పెద్దలూ ఆ పిల్లల్లాంటివాళ్ళే కదా, కాకపోతే పెన్షన్ల వయసుకొచ్చారు. అందుకే ఆమె తన బల్లను తలుపు పిడి అందేంత దగ్గరగా వేయించుకుంది. పిడి పట్టుకున్నవాడి మాట వినపడాలి, విన్నాక వెనక్కి పిలవడానికి అందాలి. పోయిన ఏడు బస్సు డ్రైవరు భార్య ఒకావిడ నలభై నిమిషాలు కుక్క గురించి మాట్లాడి వెళ్తూ, పిడి పట్టుకుని, "ఇన్సులిన్ సగం సగం పొడుచుకుంటున్నాను లే, సరిపోతుంది" అంది. సరిపోదని వెర్నా ఆమెను కూర్చోబెట్టి, మందుల ఖర్చు తగ్గించే దరఖాస్తు ఆ పూటే నింపించింది. హీటరు పక్కన కూర్చుని ఉంటే ఆ మాట వీధిలోకి పోయేది.

ఈ పనికి ఆమెకు జీతం లేదు. రాష్ట్రం వాళ్ళు శిక్షణ ఇచ్చారు, పరీక్ష పెట్టారు, కాగితం ఇచ్చారు. ఒక కట్టడి కూడా పెట్టారు. ఏదీ అమ్మకూడదు, ఫలానాది తీసుకోమనీ చెప్పకూడదు. దారులు చూపించాలి, నడిచేది వాళ్ళు. ఆ కట్టడి ఆమె వ్రతం పట్టినట్టు పాటిస్తుంది.

దారులు చూపించడంలో మాత్రం ఆమెకు ఆమే సాటి. ప్రభుత్వం వేసిన నూట ఇరవై పేజీల పుస్తకాన్ని వంటింటి భాషలో నాలుగు ముక్కల్లో చెప్పేస్తుంది.

"అరవై అయిదు నిండితే నీకు రెండు దారులు. ఒకటి సర్కారు కార్డు. అది తీసుకునే డాక్టరు దేశంలో ఎక్కడున్నా వెళ్ళొచ్చు. కాకపోతే డాక్టరు బిల్లులో అయిదో వంతు నీ నెత్తినే పడుద్ది. దానికి పైన ఇంకో పాలసీ కొనుక్కోవాలి, నెలనెలా కట్టాలి. మందులకి మరోటి. ఇది ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడం. రెండోది, అన్నీ ఒక కంపెనీ చేతిలో పెట్టేయడం. పైన పెద్దగా కట్టేదుండదు, పళ్ళు చూస్తారు, కళ్ళద్దాలిస్తారు. కానీ వాళ్ళ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. ఇది స్కూల్లో నేను పెట్టిన భోజనం. చవక, అన్నీ ట్రేలోనే ఉంటాయి, కానీ ఆ రోజు నేనేం వండితే అదే తినాలి."

"నువ్వు వండిన క్యాబేజీ మా పిల్లలకింకా గుర్తుంది" అంటాడు ఎవడో ఒకడు. దాదాపు ప్రతివాడి పిల్లలూ ఆమె చేతి కూడు తిన్నవాళ్ళే.

"గుర్తుండాలనే వండా. ఇప్పుడు చెప్పు, ఏ డాక్టరు దగ్గరికెళ్తావు, ఏ మందులు మింగుతావు, చలికాలం ఎక్కడుంటావు."

మా ఊరికి ఈ మూడు ప్రశ్నల్లో మొదటిది ప్రాణం. ఊరు నదికి మిషిగన్ రాష్ట్రం వైపు ఒడ్డున ఉంది. నది దాటితే విస్కాన్సిన్. మధ్యలో ఉన్న వంతెన మీద జనం పాలకీ, పెట్రోలుకీ, చుట్టాలకీ, డాక్టరుకీ రోజుకు రెండుసార్లు తిరుగుతారు. అది రాష్ట్రాల సరిహద్దన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. కంపెనీ జాబితాకు మాత్రం గుర్తుంటుంది. చాలా కంపెనీల జాబితా వంతెన దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అటువైపు పెద్ద ఆసుపత్రి ఇరవై నిమిషాల్లో ఉన్నా, జాబితాలో ఉన్న ఆసుపత్రి ఇటువైపే తూర్పుగా మూడు గంటల దూరంలో ఉంటుంది.

ఇదంతా వెర్నాకు పుస్తకం చదివితే వచ్చింది కాదు, పుస్తకం చదవకపోతే వచ్చింది.

ఆమె భర్త ఆర్నీ కాగితం మిల్లులో పనిచేసేవాడు. ఆయనకు అరవై అయిదు నిండిన ఏడు ఒక కంపెనీ వాళ్ళు ఊరి బయట హోటల్లో భోజనాలు పెట్టారు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారనే మాట మా ఊరికి కొంచెం అన్యాయమే. మా వాళ్ళు ఫినాయిల్ తాగరు గానీ, ఊరికే పెట్టే గొడ్డు మాంసం ముక్కకు ఇరవై మైళ్ళు వెళ్తారు. వెర్నా, ఆర్నీ కూడా వెళ్ళారు. మాంసం బాగుంది. పళ్ళు కట్టిస్తారన్న మాట ఇంకా బాగుంది, ఎందుకంటే ఆర్నీ అప్పటికి ఆరేళ్ళుగా ఆపిల్ కొరకలేదు. చివర్లో ప్లాస్టిక్ కవరులో సీలు వేసిన లావుపాటి పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు.

"ఇది చదివావా, బాగుందా?" అని ఆర్నీ మర్నాడడిగాడు. లెక్కలూ కాగితాలూ ఆ ఇంట్లో ఆమెవే.

"అంతా చదివాను, బాగుంది" అంది వెర్నా. ఆ వారం స్కూల్లో తనిఖీ. పుస్తకం సొరుగులో పడేసింది, కవరు కూడా చించలేదు. ఆమె మాట మీద ఆర్నీ సంతకం పెట్టాడు.

మూడో ఏట ఆర్నీకి క్లోమంలో కాన్సర్ వచ్చింది. వంతెన అవతలి ఆసుపత్రి జాబితాలో లేదు. సర్కారు కార్డు దారికి మారదామంటే, పైన పాలసీ అమ్మే కంపెనీ ఒంట్లో ఏముందని అడిగింది, విని కాదంది. ఇక తూర్పుకే. మంచులో మూడు గంటలు పోను, మూడు గంటలు రాను, ఇరవై రెండుసార్లు. వెర్నా నడిపేది, ఆర్నీ పక్క సీట్లో కళ్ళు మూసుకుని ఉండేవాడు. తూర్పున డాక్టర్లు మంచివాళ్ళే. అటు వెళ్ళినా ఇటు వెళ్ళినా ఆ రోగం మనిషిని మిగల్చదని వాళ్ళే చెప్పారు. కానీ మిగిలిన ఒకే ఒక్క చలికాలంలో చాలా రోజులు రోడ్డు మీదే పోయాయి. ఆయన పోయాక వెర్నా ఆ పుస్తకం కోసం ఇల్లంతా వెతికింది. జాబితా ఏ పేజీలో ఉందో చూడాలనుకుంది. సొరుగులో లేదు, అటక మీద లేదు. తనే ఎక్కడో పారేసి ఉంటానని, అది కూడా తన తప్పుల ఖాతాలోనే వేసుకుంది. మరుసటేడు రాష్ట్రం వాళ్ళ శిక్షణకు వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆమె ఆకులు పట్టుకున్నది పక్కవాళ్ళ చేతుల కోసం. చదవకుండా చదివానన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక వెస్ టోలోనెన్ సంగతి. వెస్ మిల్లులో ఆర్నీ దగ్గర పని నేర్చుకున్నవాడు, ఆర్నీతో కలిసి పాతికేళ్ళు గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టినవాడు. మంచు మీద నిలబెట్టే చెక్క గుడిసె ఆర్నీ చేత్తో కట్టింది. ఆయన పోయాక వెర్నా దాన్ని, లోపలి ఇనుప పొయ్యితో సహా వెస్‌కే ఇచ్చేసింది. మనిషి మంచివాడు, మొండివాడు. తాను పట్టిన చేపకు మూడే రెక్కలంటే మూడే. పోయిన మార్చిలో అరవై అయిదు నిండితే, వెర్నా బల్ల దగ్గరికి రాకుండానే హోటలు భోజనానికి వెళ్ళి రెండో దారిలో సంతకం పెట్టేశాడు.

"ఊరికే సలహా చెప్పించుకోవడానికి నేనేమన్నా దిక్కులేనివాణ్ణా" అన్నాడట. హోటలు వాళ్ళు పెట్టిందీ ఊరికేనని గుర్తు చేయడానికి అక్కడ ఎవరూ లేరు.

ఈ ఫిబ్రవరిలో ఒక శనివారం, వెస్ భార్య జోయన్, వెర్నా ఎప్పటిలాగే టోలోనెన్ల ఇంటి సౌనాలో, అంటే చెక్క ఆవిరి గదిలో, ఆవిరి పట్టుకుంటూ కూర్చున్నారు. సౌనాలో రోగాల మాట, డబ్బు మాట ఎత్తకూడదని మా తాతల నాటి ఆన. జోయన్ అరగంట పాటు మనవరాలి హాకీ గురించి మాట్లాడింది. తర్వాత లేచి, తువ్వాలు చుట్టుకుని, చెక్క తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వెర్నా రాళ్ళ మీద నీళ్ళు పోయడం ఆపింది.

"గుడిసె దాకా నడవడానికి రెండుసార్లు ఆగుతున్నాడే" అంది జోయన్ తలుపుకేసి చూస్తూ. "గుండెలో కవాటం మూసుకుపోతోందని అవతలి డేల్ డాక్టరు చెప్పాడంట. వేసవిలోగా కోయించుకోవాలంట. గాలాల పెట్టెలో కత్తెర కోసం చూస్తే ఉత్తరం దొరికింది. వంతెన అవతలి ఆసుపత్రి వాళ్ళది. మీ పాలసీ మా దగ్గర చెల్లదని."

"ఉత్తరం గాలాల పెట్టెలో పెట్టాడా?"

"పొరపాటున వచ్చుంటుందిలే అన్నాడు."

వెర్నా మనసులో లెక్క వేసుకుంది. అరవై అయిదు నిండగానే మొట్టమొదట కంపెనీ దారిలోకి వెళ్ళినవాళ్ళకు ఒక ఏడాదిపాటు సర్కారు కార్డుకు వెనక్కి వచ్చే వీలుంది. ఆ ఏడాదిలోగా వస్తే పైన పాలసీ అమ్మేవాళ్ళు ఒంట్లో ఏముందని అడగడానికి లేదు, కాదనడానికీ లేదు. ఏడాది దాటాక అడగొచ్చు. మూసుకుపోతున్న కవాటం ఉన్నవాడికి ఎవరు అమ్ముతారు. వెస్ పాలసీ మార్చి ఒకటిన మొదలైంది. అంటే ఫిబ్రవరి ఆఖరుతో ఆ వీలు పోతుంది. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"మంగళవారం తీసుకురా."

"ఆ మనిషా? ట్రాక్టరు కట్టి లాగాలి."

మంగళవారం వెస్ రాలేదు. బుధవారం పట్టపగలు, డెబ్భై ఒక్కేళ్ళ వెర్నా బూట్లకు ఇనుప పళ్ళు తగిలించుకుని, ఫ్లాస్కులో కాఫీ, యాలకుల రొట్టె ఒకటి పట్టుకుని సరస్సు మీద అర మైలు నడిచింది. ఎవరైనా చూసి ఉంటే ఆవిడకు మతిపోయిందనుకునేవారు. నేను మాత్రం మా ఊళ్ళో అంత తెలివైన నడక ఇంకోటి చూడలేదంటాను.

వెస్ తలుపు తీసి, చూసి, పక్కకు జరిగాడు. ఇద్దరూ మంచులో తొలిచిన రంధ్రం పక్కన రెండు బకెట్ల మీద కూర్చున్నారు. ఆర్నీ పొయ్యిలో కట్టెలు కాలుతున్నాయి. వెర్నా రొట్టె కోసింది. వెస్ తిన్నాడు.

"పడుతున్నాయా?" అంది.

"అంతంతే."

ఇరవై నిమిషాలకు అతను ఇంకో మాటన్నాడు. రొట్టె బాగుందన్నాడు. వెర్నా కప్పులు సర్దుకుని లేచింది. కోటు బొత్తాలు పెట్టుకుంది. టోపీ పెట్టుకుని గుడిసె గడియ మీద చెయ్యి వేసి, మొహం బయటి తెల్లదనం వైపు తిప్పుకుంది. మా వాళ్ళ భాష ఆమెకూ వచ్చు.

"నీకు వెనక్కి రావడానికి ఈ నెలాఖరు దాకానే వీలుంది. ఆ తర్వాత ఎవరూ నిన్ను తీసుకోరు. వచ్చే మంగళవారమే మిగిలింది. పదింటికి నేనుంటా" అంది. వెళ్ళిపోయింది.

మంగళవారం పదీ పదికి తలుపు తెరుచుకుంది. ముందు చలిగాలి, దాని వెనక జోయన్, ఆమె వెనక వెస్. అతను గుమ్మం నుంచి కుర్చీ దాకా వచ్చి, కూర్చునే ముందు ఒక్క క్షణం బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. వెర్నా చూసింది, చూడనట్టు పెన్సిలు చెక్కింది.

"ఏ డాక్టరు దగ్గరికెళ్తున్నావు?" అంది, అందరినీ అడిగినట్టే.

"ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళను."

బల్ల కింద ఏదో కదిలింది. "నీ కాలు నా బూటుకి తగులుతోంది" అన్నాడు వెస్ భార్యతో.

"తగలాలనే" అంది జోయన్.

"మరి డేల్?" అంది వెర్నా.

"డేల్ డాక్టరేంటి. డేల్ డేలే. నేను వాడి బోటు ఇంజను బాగుచేస్తా, వాడు నా ఛాతీ మీద ఆ గొట్టం పెట్టి వింటాడు. ఇరవయ్యేళ్ళుగా ఇంతే. డబ్బు పుచ్చుకుంటే గదా డాక్టరు."

"పాలసీ అమ్మిన అమ్మాయి డాక్టరున్నాడా అని అడగలేదా?"

"రెండుసార్లు అడిగింది. లేడన్నా. నేనేం అబద్ధం చెప్పలా."

జోయన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. వెర్నా నవ్వలేదు. పసుపు కాగితం మీద మధ్యలో ఒక గీత గీసి వంతెన అంది. అటువైపు డేల్ పేరు, అతను పంపే ఆసుపత్రి పేరు రాసింది. ఇటువైపు తూర్పున మూడు గంటల దూరంలో జాబితాలోని ఆసుపత్రి పేరు రాసింది.

"ఉన్నచోటే ఉంటే ఇక్కడ కోస్తారు. అక్కడా మంచి డాక్టర్లే, నేనెరుగుదును. పళ్ళు, కళ్ళద్దాలు ఉంటాయి, పైన పాలసీకి నెలనెలా కట్టక్కర్లేదు. వెనక్కొస్తే డేల్ చెప్పిన చోట కోస్తారు. పైన పాలసీకి, మందులకి నెలనెలా కట్టాలి, ఏటేటా పెరుగుద్ది కూడా. పళ్ళు నీ ఖర్చే. ఇంతే. రెండూ తప్పు దారులు కావు."

వెస్ ఆ గీతను చాలాసేపు చూశాడు. "నువ్వైతే ఏం చేస్తావు?"

"నేను చెప్పకూడదు."

"ఇక్కడ వినేదెవరు?"

"నేనున్నాగా."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఇలాంటివాడు ఇప్పుడు లేస్తే మళ్ళీ రాడని ఆమెకు తెలుసు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులే. ఒక్క మాట, "మారిపో వెస్" అంటే సరిపోతుంది, ఆర్నీ స్నేహితుడు కాబట్టి వింటాడు కూడా. ఆమె నోరు తెరిచి, మూసుకుంది. ఒకసారి ఆమె ఒక మనిషికి ఏది మంచిదో చెప్పింది. ఆయన నమ్మాడు.

"ఏం చెయ్యాలో చెప్పను. నేనేం చేశానో చెప్తా. అది నా సొంతం, చెప్పొచ్చు" అంది చివరికి. "ఆర్నీకి ఆ పాలసీ నేనే చూశా. పుస్తకం అంతా చదివానని చెప్పా. చదవలా. ఒక్క పేజీ చదవలా. ప్లాస్టిక్ కవరు కూడా చించలా. నా మాట మీద సంతకం పెట్టాడు. తర్వాత ఇరవై రెండుసార్లు తూర్పుకి తీసుకెళ్ళా. ఆయన పోయాక ఆ పుస్తకం కోసం వెతికితే అది కూడా దొరకలా. ఇది ఎవరికీ చెప్పలేదు నేను."

జోయన్ చెయ్యి చాపి వెర్నా మణికట్టు పట్టుకుంది. వెస్ తన చేతి తొడుగుల కేసి చూస్తూ ఉండిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

"ఆలోచించుకుంటా" అని లేచాడు.

కోటు తొడుక్కున్నాడు. టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. తలుపు పిడి పట్టుకుని సగం తెరిచి, అలా నిలబడిపోయాడు. చలి లోపలికి కొడుతోంది. హీటరు దగ్గర కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. వెర్నా మాత్రం తలెత్తలేదు, పెన్సిలు కాగితం మీద ఆనించి ఆగింది, వెనకటికి గరిటె ఆపినట్టు.

"మా నాన్న ఆ బల్ల మీంచి లేవలా" అన్నాడు వెస్ వీధితో. "గుండె కోస్తామని తీసుకెళ్ళారు, అంతే. నేను భయపడతన్నా. డేల్ చూపించినవాడైతే పడుకుంటా. వాడు నాకు అబద్ధం చెప్పడు. తెలియనివాడి కింద పడుకోలేను. అందుకే అసలు వద్దనుకున్నా."

ఆ మాటకు జోయన్ కుర్చీలోనే కన్నీళ్ళు పెట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి భయమేస్తోందనగా ఆమె వినడం అదే మొదలు.

"అయితే ఆ తలుపేసి రా" అంది వెర్నా. "నాకు మోకాళ్ళు చల్లబడుతున్నాయి."

అతను తలుపేసి వచ్చి కూర్చున్నాడు. టోపీ తీయలేదు. "ఏడ పెట్టాలి సంతకం?"

"ముందు చదువు" అని వెర్నా కాగితాలు అతని ముందుకు తోసింది. "ప్రతి పేజీ. నేను కూర్చునే ఉంటా."

గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆలోగా వచ్చినవాళ్ళను లోయిస్ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. నెల జీతం తీసుకుని నూరుమందికి సలహా చెప్పేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఒక్కడి చేత కాగితం మొత్తం చదివించడానికి చలిలో కూర్చునేవాళ్ళు తక్కువ. వెర్నాను నేను మెచ్చుకునేది అందుకే. ఆమె ఆ పూట తన తప్పును తీసి బల్ల మీద పెట్టింది గానీ, తన ఇష్టాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టలేదు.

ఏప్రిల్లో వంతెన అవతల వెస్ గుండె కోశారు. డేల్ ముందురోజు వచ్చి, కోయబోయే డాక్టరును చూపించి, "వీడు బాగానే కోస్తాడు, వీడికి బోటు లేదు కాబట్టి నీకు పని కూడా పెట్టడు" అన్నాడట. వెస్ నవ్వుతూ లోపలికెళ్ళాడని జోయన్ ఊరంతా చెప్పింది.

మే నెలాఖరులో ఒక మంగళవారం వెస్ ఒక్కడే లైబ్రరీకి వచ్చాడు. గుమ్మం నుంచి బల్ల దాకా ఎక్కడా ఆగలేదు. కొత్త కాగితంలో చుట్టిన చేప ముక్కలు బల్ల మీద పెట్టాడు.

"వాలై చేప. పొద్దున పట్టింది."

"ఇక్కడ కానుకలు తీసుకోకూడదు" అంది వెర్నా.

"కానుకెవరిచ్చారు. నీ బల్ల మీద మర్చిపోతున్నా."

కూర్చున్నాడు. నీళ్ళు బాగా పెరిగాయన్నాడు. డేల్ ఇంజను మళ్ళీ చెడిపోయిందన్నాడు. పావుగంట తర్వాత లేచాడు. కోటు లేదు కాబట్టి టోపీ సర్దుకుని, వెళ్ళి తలుపు పిడి పట్టుకున్నాడు. వెర్నా పెన్సిలు కింద పెట్టింది.

"ఆ పుస్తకం" అన్నాడు.

"ఏ పుస్తకం?"

"కవరులోది. నీకు దొరకలేదన్నావే. అది ఆర్నీకి దొరికింది. ఆఖరి చలికాలం సొరుగులో చూశాడంట, సీలు అలానే ఉందంట. గుడిసెకి తెచ్చాడు. 'ఇది దాని కంటపడితే బతికినన్నాళ్ళూ కుమిలిపోద్దిరా' అన్నాడు. ఇద్దరం పొయ్యిలో పెట్టాం. లావు పుస్తకం, కాలడానికి చానాసేపు పట్టింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలా. ఇప్పుడు నువ్వే చెప్పావు కాబట్టి ఇంక దాచడానికేం లేదనుకున్నా."

బయట రోడ్డు మీద ఏదో లారీ వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగాడు.

"అది కాలినంతసేపూ ఆర్నీ ఆపిల్ తిన్నాడు" అన్నాడు. "కొత్త పళ్ళతో, కొరికి మరీ. ఈ పళ్ళు మా ఆవిడ కట్టించింది అని రెండుసార్లు చెప్పాడు."

తలుపు మూసుకుంది. వెర్నా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. పసుపు కాగితం మీద ఒక చుక్క పడింది, తర్వాత ఇంకోటి.

లోయిస్ పుస్తకాల బండి ఆపి దగ్గరికొచ్చింది. "ఏమైందే?"

"గాలికి" అంది వెర్నా, కళ్ళు తుడుచుకుంటూ. "ఈ తలుపు గాలి."

బయట ఆకు కూడా కదలడం లేదు. లోయిస్ ఆ రోజు బల్ల జరపమనలేదు.